రవ్వకొట్టు కల్నల్

ఇజొలీనా పెళ్ళి చేసుకుని మా రేవుకి వచ్చిన కొత్తలో పాము పేరెత్తితే చాలు, కాళ్ళు పైకి లాక్కుని పడుకునే గుడ్డ ఊయలలో ముడుచుకుని కూర్చునేది. ఇప్పుడు ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. మా రేవులో ఆమెను అందరూ కల్నల్ తల్లి అంటారు. ఆ కల్నల్ ఎవరో తెలియక ఒకసారి ఒక కొత్త పడవవాడు టోపీ తీసి మరీ దండం పెట్టాడు.

నా పేరు జసీరా. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక చెక్కవంతెన, దాని కింద బురద. ఆమె కూరలో ఉప్పెక్కువైతే నాకు తెలుస్తుంది, మా ఆయన జెఫెరీనో గురక పెడితే ఆమెకు తెలుస్తుంది. అందుకని ఆమె సంగతి నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది. మిగతావాళ్ళు చెప్పేదాంట్లో పాము మరీ పొడుగు, ఇజొలీనా మరీ పిచ్చిది.

ఆమె భర్త జురాందిర్ కర్రపెండలం రవ్వ వ్యాపారి. లోపలి వాగుల్లో జనం వేయించి పెట్టుకున్న రవ్వను పడవ మీద తిరిగి కొనుక్కొచ్చి, ఇంటి వెనక నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన కొట్టులో బస్తాలు పేర్చేవాడు. రవ్వ ఉన్నచోట ఎలుకలుంటాయి. మా వైపు ఎలుకల ముందు పిల్లి నిలబడదు, ఒకదాన్ని పట్టి మూడు పూటలు నిద్రపోతుంది. కాబట్టి రవ్వకొట్టున్న ప్రతివాడూ ఒక కొండచిలువను పెంచుతాడు. విషం ఉండదు, బస్తాల సందుల్లోకి దూరుతుంది, జీతం అడగదు.

జురాందిర్ తన కొండచిలువను కూలిన చెట్టు తొర్రలో దొరికిందని చొక్కాలో వేసుకుని తెచ్చాడు. అప్పుడది మూరెడుంది. పొద్దస్తమానం ఒకచోట పడుకుని ఇంకొకరి ఖర్చుతో తింటుంది గనక కల్నల్ అని పేరు పెట్టాడు. మా దగ్గర కల్నల్ అంటే యుద్ధం చేసేవాడు కాదు, భూములున్న దొర. పెళ్ళాన్ని బలవంతంగా పిలిచి పాము తోక మొదట్లో ఉన్న రెండు చిన్న గోళ్ళు చూపించాడు.

"ఇవి కనపడుతున్నాయా? మగాడు. ఆడదానికి ఇవి ఉండవు."

జురాందిర్ ఏది చెప్పినా అలాగే చెప్పేవాడు. గొంతులో అనుమానమన్నది ఉండేది కాదు. వాన ఎప్పుడొస్తుందో, బెలేం పట్నంలో రవ్వ ధర ఎప్పుడు పెరుగుతుందో, తమకి పిల్లలెందుకు కలగలేదో, అన్నీ ఆయనకు తెలుసు. పిల్లలు కలగకపోవడం ఇజొలీనా లోపమని చెప్పాడు, ఆమె సరేనంది. నాకు ఆ మనిషి నచ్చేవాడు కాదు. కానీ అందగాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

పెళ్ళయిన కొన్నేళ్ళకు రవ్వ బేరం పలచబడింది. పైనెక్కడో నది పుట్టే వైపు బంగారం దొరుకుతోందని మగాళ్ళంతా పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోతున్న రోజులవి. జురాందిర్ కూడా బయల్దేరాడు. పడవ తాడు విప్పుతూ ఆమెతో ఒక మాటన్నాడు. నేను రేవు మెట్ల మీద అసాయి పళ్ళు కడుగుతూ ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"కల్నల్‌ని జాగ్రత్తగా చూసుకో. వాడు కొట్టులో ఉన్నంతకాలం నీకు మగదిక్కు ఉన్నట్టే. సిరియో పండక్కి వచ్చేస్తా."

వెళ్ళేవాడు నవ్వుతూ అనే మాట అది. ఆమె మాత్రం దాన్ని మెడలో సిలువలా వేసుకుంది.

పామంటే వణికే మనిషి పామును సాకడం నేర్చుకుంది. ముందు కరిపించుకునే నేర్చుకుంది. కోడిని కోసి, చేతులు ఊరికే నీళ్ళలో ముంచి, అదే చేత్తో కల్నల్‌ని బస్తా మీంచి తీయబోయింది. వాడు మెడను మెలిక తిప్పి ఆమె మణికట్టు పట్టేశాడు. నేను కేకలు విని పరిగెత్తేసరికి ఇజొలీనా ఏడుస్తోంది కానీ చెయ్యి లాగడం లేదు. లాగితే పళ్ళు విరిగి లోపలే ఉండిపోతాయని జురాందిర్ చెప్పాడట. మా రేవు మూలికల ముసలిది ఫిలో అత్త వచ్చి వాడి మూతి పక్కన నాలుగు చుక్కల సారా పోసింది. వాడు అసహ్యమేసి వదిలేశాడు.

"నీ తప్పే," అంది ఫిలో అత్త మిగిలిన సారా తాను తాగేస్తూ. "వాడికి కళ్ళు సరిగ్గా ఆనవు. ముక్కే వాడికి కళ్ళు. నువ్వు కోడి వాసనతో వెళితే నిన్ను కోడే అనుకుంటాడు."

ఆనాటి నుంచి ఆమె కొట్టులోకి వెళ్ళేముందు నిమ్మకాయ రుద్ది చేతులు కడుక్కునేది. ముందు చీపురు కర్ర చివరతో వాడి నడుముని మెల్లగా తాకేది. నేను వచ్చాను, ఇది తిండి కాదు అని చెప్పడం అది. నాలుక ఆడించి ఊరుకుంటే నడుము కింద రెండు చేతులు పెట్టి ఎత్తేది, తల వైపు నుంచి ఎప్పుడూ వెళ్ళేది కాదు. కొట్టులో ఎలుకలు తగ్గినప్పుడు కోడిపిల్లనో బోనులో పడ్డ ఎలుకనో పెట్టాల్సి వస్తే, ఒక పెద్ద వెదురుబుట్టలో వాడిని దింపి అక్కడే పెట్టేది. బుట్టంటే భోజనం, చెయ్యంటే భోజనం కాదని వాడికి అలవాటు చేసింది. తిన్నాక కడుపులో ఉబ్బు అణిగేదాకా ముట్టుకునేది కాదు, ముట్టుకుంటే కక్కేస్తాడు. కళ్ళు పాలనీలంగా మబ్బు పడితే కుబుసం వదలబోతున్నాడని అర్థం. అప్పుడు తిండి పెట్టేది కాదు, కొట్టులో గట్టిగా మాట్లాడనిచ్చేది కూడా కాదు. మా ఆయన ఒకసారి అక్కడ ఈల వేస్తే చీపురు చూపించింది.

"మొగుడికి కూడా ఇంత సేవ చేసి ఉండవు, వదినా," అన్నాను నేను.

"ఆయనకే చేస్తున్నాను," అంది ఇజొలీనా. "వీడు తింటున్నాడంటే ఆయనా ఎక్కడో తింటున్నట్టే. వీడికి బాగుంటే ఆయనకు బాగున్నట్టే."

నవ్వుతూ అనలేదు.

ఏటా జరిగే మేరీమాత పండగ, సిరియో వచ్చింది, జురాందిర్ రాలేదు. మరుసటేడూ వచ్చింది పండగే. ఇజొలీనా ప్రతి పండక్కీ కర్రపెండలం పులుసులో బాతు వండి, ఆయన కంచం కడిగి పెట్టి, సాయంత్రానికి ఆ వాటా మాకు పంపేది. ముందు గదిలో ఆయన ఊయల అలాగే వేలాడుతుండేది, వారానికోసారి ఉతికి మళ్ళీ కట్టేది. బంగారానికి పోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. జురాందిర్ మట్టిగోడ విరిగిపడి పోయాడని ఒకడన్నాడు. చలిజ్వరమని ఇంకొకడు. ఎక్కడో పెళ్ళాం పిల్లలతో ఉన్నాడని మూడోవాడు. ఇజొలీనా ఎవరినీ ఏమీ అడగలేదు. ఫాదర్ వచ్చి ఆత్మశాంతికి పూజ చెప్పించమంటే, "కల్నల్ నిన్ననే ఎలుకను తిన్నాడు ఫాదర్," అని చెప్పి పంపేసింది. ఆయన వచ్చిన పడవలోనే వెనక్కెళ్ళాడు.

అలా ఏళ్ళు గడిచాయి, రవ్వ బేరం ఆమే నడుపుకొచ్చింది. ఆమె జుట్టు నెరవడం మొదలైంది. కల్నల్ నా తొడంత లావయ్యాడు.

నా చిన్నకూతురు కడుపులో ఉన్న ఏడు వరద కొట్టు నేలదాకా వచ్చింది. ఆ వానల్లో ఒకరోజు ఇజొలీనా మమ్మల్ని పిలిచి పైకప్పు దూలాలు చూపించింది. అక్కడ ఇంకో కొండచిలువ, సన్నగా, కల్నల్ పక్కనే చుట్టుకుని ఉంది.

"ఎవడో దిక్కులేనివాడు వానకు లోపలికొచ్చాడు," అంది. "తిని పోనీలే. మావాడికీ తోడు."

కొన్నాళ్ళు చూసి, ఎలుకలన్నీ వాడే మింగేస్తున్నాడని చీపురుతో తరిమేసింది. ఆ తర్వాత కొద్ది వారాలకే కల్నల్ తిండి మానేశాడు.

ముందు కుబుసమేమో అనుకుంది. కుబుసం వదిలాడు, అయినా తినలేదు. బుట్టలో కోడిపిల్లను పెడితే, అది కాసేపు బెదిరి, తర్వాత వెళ్ళి వాడి చుట్టల మీదే కూర్చుని నిద్రపోయింది. మర్నాడు అక్కడే కూర్చుంది. ఆ పిల్ల పెరిగి పెట్ట అయ్యే లక్షణాలు కనిపించాయి. ఎలుకను పెట్టింది, చచ్చిన ఎలుకను వేడినీళ్ళలో ముంచి పెట్టింది. వాడు తల తిప్పుకున్నాడు. ఎండ పడే చెక్కల మీద ఒళ్ళు పరుచుకుని రోజంతా పడుకునేవాడు. బస్తాల మూలలు ఎలుకలు కొరకడం మొదలుపెట్టాయి.

ఇజొలీనా కూడా తినడం మానేసింది. గిన్నెలో అసాయి రసం పోసిస్తే అలాగే ఎండిపోయేది.

"ఆయనకేదో అయింది, వదినా," అనేది. "ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు, ఇప్పుడు అవుతోంది."

ఫిలో అత్త చూడ్డానికి వచ్చింది. నోట్లో చుట్ట తీయకుండా కొట్టంతా తిరిగి తేల్చేసింది.

"వీడికి పనేమా పట్టింది."

వేటగాడి చేతికి ఏదీ చిక్కకుండా చేసే దరిద్రం అది. పట్టిందంటే బాణం తగలదు, వల నిండదు. మా మగాళ్ళకు జ్వరం కన్నా దానికే భయమెక్కువ. ఎలుకలు పట్టేవాడు గనక పాముకీ పట్టొచ్చునని ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. పనేమా ఎలా పడుతుందో మా రేవులో పసిపిల్లకు కూడా తెలుసు. కడుపుతో ఉన్నామె వేటగాడి పనిముట్టు దాటినా, అతను తెచ్చినదాంట్లో చెయ్యి పెట్టినా పడుతుంది.

అందరి కళ్ళూ నా పొట్ట మీద పడ్డాయి.

"నేనేం చేశాను?" అన్నాను.

"ఆ బుట్ట దాటావా?" అంది ఫిలో అత్త.

"ఆ బుట్ట గుమ్మంలో ఉంటే దాటకుండా ఎగిరి వస్తానా? నా ఆకారం చూసే అడుగుతున్నావా అత్తా?"

"చూశావా, దాటిందట," అంది ఆ ముసలిది ఇజొలీనాతో, దొంగ దొరికినట్టు.

ఇజొలీనా నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి నాలుగు అంటించేదాన్ని. చెక్కవంతెన మీద నేను వెళుతుంటే లోపలికి వెళ్ళిపోయేది. మా ఇంటికి ఉప్పు కోసం రావడం మానేసింది. ఇన్నేళ్ళ స్నేహం నా పొట్ట దగ్గర ఆగిపోయింది. నేను ఇంట్లో గిన్నెల మీద కోపం చూపించుకున్నాను, తర్వాత ఏడ్చాను కూడా.

యోహాను పండగ ముందు రోజు మా దగ్గర అందరూ ఆకులూ వేళ్ళూ నలిపిన పరిమళపు నీళ్ళతో స్నానం చేస్తారు, ఏడాది దరిద్రమంతా పోతుంది. ఆ పొద్దున్నే కల్నల్‌కి కూడా పోయాలని ఫిలో అత్త నిర్ణయించింది. పనేమాకి గనక వెల్లుల్లి, ఎండుమిరప కలిపింది. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఇజొలీనా ఎప్పటిలా చేతులకు నిమ్మకాయ రుద్దుకుంది, చీపురు కర్రతో వాడి నడుముని మెల్లగా తాకి చెప్పింది, అప్పుడే ఎత్తింది. పెద్ద చెక్కతొట్టిలో ఆ నీళ్ళు పడగానే వాడు బుస కొట్టి తొట్టి అంచుకు ఒళ్ళు రాసుకున్నాడు. మిరప పొగ వేశారు. వాడి కోసమే గనక ఆమె ఆ పొగలోనే దగ్గుతూ కూర్చుంది.

వారం చూశారు. వాడు తినలేదు.

"ఇక నోట్లో పెట్టాల్సిందే," అంది ఫిలో అత్త.

జురాందిర్ ఎప్పుడో చెప్పిన మాట ఒకటి ఉంది, పాముకి ఆకలి నువ్వు నేర్పలేవు, ఆగాలి అని. ఆయన చెప్పినవన్నీ గుర్తున్న మనిషికి ఆ ఒక్కటే ఆ రోజు గుర్తు రాలేదు. వచ్చినా ఆగే ఓపిక ఆమెలో అయిపోయింది. మా ఆయనను పిలిచింది. జెఫెరీనో నా మొహం చూసి, నేను వద్దనకపోయేసరికి వెళ్ళాడు.

మా ఆయన నడుము పట్టుకున్నాడు, ఫిలో అత్త మెడ పట్టుకుంది. ఇజొలీనా చెక్కగరిటె కాడతో నోరు తెరిచి, నూనె రాసిన చిన్న కోడిపిల్లను లోపలికి తోసింది. తర్వాత బొటనవేళ్ళతో గొంతు నుంచి కిందికి నిమురుతూ వచ్చింది. నిమురుతూ ఆగింది.

"ఇక్కడేవో గడ్డలు తగులుతున్నాయి," అంది. "గుండ్రంగా. వరసగా ఉన్నాయి."

"మలం గడ్డకట్టింది," అంది ఫిలో అత్త. "అందుకే తినట్లేదు. కిందికి నొక్కు."

నొక్కింది. ఆమె చేతులు రవ్వ బస్తాలు మోసిన చేతులు. వాడు జెఫెరీనో చేతుల్లో మెలికలు తిరిగాడు, ఒక్కరినీ కరవలేదు. ఆ సంగతి మా ఆయన ఇప్పటికీ చెప్తాడు, కరవలేదు అని.

మర్నాడు పొద్దున కోడిపిల్ల నేల మీద పడి ఉంది, కక్కేసిన నీళ్ళలో. కల్నల్ పక్కనే పొట్ట పైకి పెట్టి ఉన్నాడు. ఇజొలీనా చీపురు కర్రతో నడుముని తాకింది. మళ్ళీ తాకింది. అలా తాకుతూ ఉంటే జెఫెరీనో వెళ్ళి ఆ కర్ర తీసుకున్నాడు.

కొండచిలువ కొవ్వు కీళ్ళనొప్పులకు మంచిది. ఫిలో అత్త ఆ మాట అప్పుడే అనేసింది, దానికి సిగ్గు లేదు. ఇజొలీనా కొడుతుందనుకున్నాను, కానీ తలూపింది.

"కోయండి. లోపల ఏం అడ్డుపడిందో నేను చూడాలి."

నేను కూడా వెళ్ళాను, రావద్దన్నవాళ్ళు లేరు. జెఫెరీనో చేపల కత్తితో పొట్ట పొడుగునా తెరిచాడు. లోపల పలచటి తెల్లటి పొరల్లో, ఒక్కోదాంట్లో ఒక్కోటి, చుట్టలు చుట్టుకుని పిల్లలు. చిటికెనవేలి కన్నా సన్నం. ఒంటి మీద మచ్చలు అప్పుడే తేలుతున్నాయి, తల్లి మచ్చలే. ఒక్కటీ కదలలేదు. కొన్ని పొరలు చితికి ఉన్నాయి.

తిండి ఎందుకు మానిందో అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలిసిపోయింది. నేను కూడా ఆ నెలల్లో చేప వాసన వస్తే వాంతి చేసుకుంటున్నదాన్నే. వానల్లో వచ్చిన ఆ సన్నటివాడు ఎలుకల కోసం రాలేదు. పనేమా అన్నందుకు ఫిలో అత్తను ఏదైనా అనాలని నోటిదాకా వచ్చింది, ఆ పిల్లల్ని చూశాక రాలేదు. ఆ ముసలిది చుట్ట ఆర్పేసి కొవ్వు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

ఇజొలీనా నేల మీద కూర్చుని ఒక్కో పొరనూ వేలితో విడదీసి చూస్తోంది.

"ఆయన మగాడన్నాడు," అంది.

"అన్నాడు వదినా."

"గోళ్ళు చూపించి మరీ అన్నాడు."

తోక దగ్గర ఆ గోళ్ళు ఇంకా ఉన్నాయి, ఆడదానికీ ఉంటాయన్నమాట. ఆమె వాటిని కాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. అన్ని వారాల తర్వాత నా మొహం చూడడం అదే.

"సిరియోకి వస్తానని కూడా ఇలాగే చెప్పాడు," అంది. "ఇదే గొంతుతో చెప్పాడు, జసీరా."

వరద తాకని గట్టు మీద, అరటి చెట్ల వెనక తల్లినీ పిల్లల్నీ ఒకే గోతిలో పెట్టాం. ఇజొలీనా తన కోసం దాచుకున్న కొత్త దుప్పటి వాటి మీద కప్పింది. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంటికి వెళ్ళి, ముందు గదిలో ఊయల ముళ్ళు విప్పింది. ఏళ్ళ తరబడి బిగిసిపోయి అవి ఊడి రాకపోతే కత్తితో కోసింది. నీలం గౌనును జెనిపాపు కాయ రసంలో ముంచి నల్లగా చేసి, పూర్తిగా ఆరకముందే తొడుక్కుని ఫాదర్ దగ్గరికి పడవెక్కింది. తోడు నేను వెళ్ళాను.

"జురాందిర్‌కి ఏడోరోజు పూజ చెప్పించాలి," అంది.

ఫాదర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏ రోజున పోయాడమ్మా?"

"ఎప్పుడో పోయాడు ఫాదర్. నాకు నిన్న తెలిసింది."

ఆయన ఇంకేమీ అడగలేదు, అందుకు ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవం. పూజకు రేవంతా వచ్చింది. ఫిలో అత్త వెనక బల్ల మీద కూర్చుంది, చుట్ట లేకుండా. ఇజొలీనా అంతా అయ్యేదాకా ఏడవలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతూ అక్కడే కూర్చుండిపోయి పసిపిల్లలా ఏడ్చింది. పోయినవాడి కోసం ఏడవడానికి ఆమెకు అన్నేళ్ళ తర్వాత సెలవు దొరికింది. నేను పక్కన కూర్చుని నా పొట్ట ఎదురొస్తున్నా ఆమెను పట్టుకున్నాను.

రవ్వ బస్తాలు ఆ నెలలోనే అమ్మేసింది. కొట్టులో ఇంకో పామును పెట్టలేదు. ఇస్తామని వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపేసింది.

నాకు నెలలు నిండుతున్నాయి. ఒక మధ్యాహ్నం వాన వెలిశాక ఆమె చెక్కవంతెన దాటి మా ఇంటికొచ్చింది. ఉప్పు అడుగుతుందనుకున్నాను. గుమ్మంలో నిలబడి చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. నిమ్మకాయ వాసన నాదాకా వచ్చింది. దగ్గరికొచ్చి, ముందు నా నడుము పక్కన వేళ్ళ చివర్లతో మెల్లగా తాకి ఆగింది. నేను కదలకపోతే అప్పుడు అరచెయ్యి పొట్ట మీద ఆనించింది.

"తింటున్నావా, వదినా?"

"ఎక్కడ? నోటికి ఏదీ సయించట్లేదు. ఇంట్లో అందరూ తిను తిను అని ప్రాణం తీస్తున్నారు."

ఇజొలీనా చెయ్యి తీయలేదు.

"ఆకలేసినప్పుడే తిను," అంది. "నీ నోట్లో ఎవర్నీ ఏదీ కుక్కనివ్వకు. ఎవరినీ నొక్కనివ్వకు."